గుప్పెడు పిన్నుపై టన్నుల భారం
* ట్రాక్టరుకు ట్రాలీ తగిలించడంలో మెలకువలు ముఖ్యం
* ఏమరపాటుగా ఉంటే ప్రాణాలకే ముప్పు

వరి కోతలు మొదలయ్యాయంటే పల్లె దారులన్నీ ట్రాక్టర్లతో నిండిపోతాయి. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి ధాన్యం చేర్చాలన్నా, చేలోకి ఎరువు తోలాలన్నా ట్రాలీ ఉండవలసిందే. ఇంతటి బరువులు మోసే ఈ జంటను కలిపి ఉంచేది మాత్రం గుప్పిట్లో పట్టే ఇనుప పిన్ను. ఇంజినుపై, టైర్లపై చూపే శ్రద్ధలో కొంతైనా దీనిపై చూపకపోవడం వల్ల అనర్థాలు జరుగుతున్నాయి.

ఇంజిను శక్తి ఒక్కటే చాలదు

75 కిలోల బస్తాలు 40 వేస్తే ధాన్యమే మూడు టన్నులవుతుంది. ట్రాలీ సొంత బరువు దీనికి అదనం. లాగే ట్రాక్టరు బరువేమో ఇంచుమించు రెండు టన్నులు. అంటే తనకు రెట్టింపు బరువును అది వెంట తీసుకెళ్తోందన్న మాట. చిన్న గేరులో ఇంజిను ఈ బరువును తేలికగానే లాగుతుంది. కానీ బండిని ఆపేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు ఆదుకునేవి బ్రేకులు, చక్రాల పట్టు, రెండు బండ్లను కలిపే కొక్కెం.

కార్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికా, ఐరోపా దేశాలలో కారు వెనుక చిన్న ట్రైలరు తగిలించుకుని పడవనో, సామగ్రినో తీసుకెళ్లడం మామూలే. స్పోర్ట్స్ కార్లలో వందల అశ్వశక్తి గల ఇంజిన్లు ఉంటాయి. అయినా వాటిలో చాలావాటితో ట్రైలరు లాగేందుకు తయారీదారులు అనుమతించరు. వేగం కోసం తేలికగా నిర్మించిన కారు వెనుక భాగం ఆ భారాన్ని మోసేందుకు ఉద్దేశించినది కాదు. కారు ఎంత బరువు లాగవచ్చు, కొక్కెంపై ఎంత బరువు పడవచ్చు అన్నవి విడివిడి లెక్కలు. 40 అశ్వశక్తి ట్రాక్టరు చేసే పని 400 అశ్వశక్తి కారు చేయలేకపోవడానికి కారణం ఇదే.

ఎక్కడ తగిలించాలి?

ట్రాక్టరు వెనుక ఇరుసుకు దిగువన ఉండే డ్రాబారుకు, లేదా ట్రాలీ కోసం తయారీదారు అమర్చిన కొక్కేనికి మాత్రమే ట్రాలీని తగిలించాలి. లాగే చోటు ఇరుసుకంటే కింద ఉన్నంతవరకు ముందు చక్రాలు నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఇరుసుకంటే పైన కట్టి లాగితే మాత్రం ట్రాక్టరు ముందుభాగం గాలిలోకి లేస్తుంది. బురదలో దిగబడిన ట్రాలీని, చెట్టు మొద్దును బయటకు లాగేటప్పుడు కొందరు గొలుసును టాప్ లింకు బిగించే చోట తగిలిస్తుంటారు. వెనుక చక్రాలు కదలకుండా ఉండగా క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు దాని కింద నలిగిపోతాడు. ఇదంతా రెండు సెకన్లలోపే జరిగిపోతుంది. దూకి తప్పించుకునే వ్యవధి ఉండదు.

బరువు సర్దడంలోనే కిటుకు

రెండు చక్రాల ట్రాలీలో కొంత బరువు ట్రాక్టరు కొక్కెంపై పడుతుంది. ఇది మితంగా ఉంటే వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. బస్తాలన్నీ ముందువైపే పేరిస్తే ఆ బరువు మితిమీరి, ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. అన్నీ వెనుకవైపే వేస్తే ట్రాలీ ముక్కు పైకి లేస్తూ ట్రాక్టరు వెనుక చక్రాల పట్టును తగ్గిస్తుంది. అందువల్ల ట్రాలీ ఇరుసుకు అటూ ఇటూ సమంగా సర్ది, ముందువైపు కొద్దిగా మొగ్గు ఉండేలా చూసుకోవాలి. బరువు దించేటప్పుడూ వెనుక నుంచి ముందుకు రావడం మేలు.

పిన్ను బదులు బోల్టు వద్దు

పిన్ను పోయిందని చేతికి దొరికిన బోల్టునో, ఇనుప కడ్డీనో దూర్చి బండి నడపడం చాలాచోట్ల కనిపిస్తుంది. రంధ్రంలో వదులుగా ఆడే కడ్డీ ప్రతి కుదుపుకూ దెబ్బ తింటూ చివరకు విరిగిపోతుంది. గతుకుల్లో పైకి ఎగిరి ఊడిపోనూవచ్చు. రంధ్రానికి సరిపోయే గట్టి పిన్ను వాడి, అది పైకి రాకుండా కింద క్లిప్పు పెట్టాలి. ట్రాలీ ముందు ఉండే కన్ను అరిగిందా, వెల్డింగు పగుళ్లిచ్చిందా అన్నది లోడు వేయకముందే చూసుకోవాలి. పిన్ను తెగినా ట్రాలీ విడిపోకుండా అదనంగా గొలుసు కట్టడం మరో రక్షణ.

తగిలించే వేళ ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య మనిషిని నిలబెట్టి బండిని వెనక్కి తేవడం అన్నింటికన్నా ప్రమాదకరం. ట్రాక్టరు పూర్తిగా ఆగి, బ్రేకు వేసిన తర్వాతే మనిషి దగ్గరకు వెళ్లి పిన్ను పెట్టాలి.

వాలులో న్యూట్రల్ చేటు

మన ప్రాంతంలోని చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. వాలులో ట్రాలీయే ట్రాక్టరును ముందుకు నెడుతుంది. డీజిలు కలిసివస్తుందని న్యూట్రల్‌లో దిగితే వేగం అదుపు తప్పుతుంది. అప్పుడు హఠాత్తుగా బ్రేకు వేస్తే ట్రాలీ పక్కకు మళ్లి ట్రాక్టరును పడదోస్తుంది. దిగడం మొదలుపెట్టక ముందే చిన్న గేరులోకి మార్చుకోవాలి. పొలంలో విడివిడిగా వాడే కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కగానే కలిపి లాక్ చేయాలి. లేదంటే ఒక చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది.

ట్రాలీ మనుషుల కోసం కాదు

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది మృతి చెందారు. పట్టుకునేందుకు ఆధారం లేని తొట్టిలో కూర్చున్నవారికి బండి ఒరిగితే తప్పించుకునే దారి ఉండదు. తక్కువ ఖర్చుతో చేలకు చేరవచ్చన్న ఆలోచన కుటుంబాలకు తీరని శోకం మిగులుస్తోంది.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాలీకీ రిజిస్ట్రేషన్ చేయించాలి. లాగే ట్రాక్టరు నంబరు కూడా ట్రాలీపై కనిపించాలి. చీకటిపడ్డాక రోడ్డుపై వెళ్లే ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు లేకపోతే, వెనుక నుంచి వచ్చే ద్విచక్ర వాహనదారులకు అది దగ్గరకు వచ్చేవరకు కనిపించదు.

పిన్ను, క్లిప్పు, గొలుసు, రిఫ్లెక్టరు.. అన్నీ కలిపినా ఖర్చు స్వల్పమే. బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకునేందుకు పట్టేది రెండు నిమిషాలు. ధాన్యంతో పాటు డ్రైవరు కూడా క్షేమంగా ఇల్లు చేరాలంటే ఆ రెండు నిమిషాలు వెచ్చించక తప్పదు.