బాలలకు ప్రాచీన నాగరికతలు: అంతర్జాలమున లభించు సాధనములు

రాయికల్ పరిసర గ్రామముల బాలబాలికలకు గోదావరి క్రొత్త కాదు. ఆ నది ఒడ్డుననే, మన జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు వచ్చి కలియు చోట కోటిలింగాల గ్రామము కలదు. 1980 ప్రాంతమున పురావస్తు శాఖ వారు అచ్చటి దిబ్బను త్రవ్వింపగా ఇటుక గోడలు, కుండ పెంకులు, నాణెములు బయల్పడినవి. శాతవాహన వంశ స్థాపకుడగు శ్రీముఖుని నాణెములేకాక, అంతకు ముందు ఏలిన గోభద, నారణ, సమగోపుల నాణెములును అచ్చట లభించినవి. ఆ నాణెములే లేకున్నచో ఆ రాజుల పేర్లు మనకు తెలిసియుండెడివి కావు.

అట్టి చోటులో కొంత భాగము శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు ముంపులో పడినది. నాగార్జునకొండ లోయయు 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిగిన పిమ్మట సాగరజలములలో మునిగినది. అమరావతి శిల్పములలో అనేకములు లండను చేరినవి. వీనినన్నిటిని పల్లె బాలుడు స్వయముగా పోయి చూచుట సాధ్యమా? ఈ కొరతను అంతర్జాలము కొంత తీర్చగలదు.

మొదటి సాధనము 2017లో ప్రారంభమైన 'దీక్ష'. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన సామగ్రి తెరపై కనబడును. రెండవది కేంద్ర సాంస్కృతిక శాఖ వారి 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా'. ఢిల్లీ జాతీయ మ్యూజియము, హైదరాబాదు సాలార్జంగు మ్యూజియము, నాగార్జునకొండ మ్యూజియములలోని వస్తువుల చిత్రములు ఇందు కలవు. సింధు నాగరికతకు 1995 నుండి నడచుచున్న 'హరప్పా డాట్ కామ్', అమరావతి శిల్పములకును ఈజిప్టు వస్తువులకును బ్రిటిష్ మ్యూజియము వారి పుటలు ఉపయోగపడును. ఈ చివరి రెండును ఆంగ్లములో నున్నవి గనుక ఉపాధ్యాయుడు ముందుగా చదివి తెలుగున చెప్పవలెను.

చిత్రమును చూపి ఊరకుండరాదు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నర్తకి కంచు బొమ్మ తెరపై పెద్దదిగా తోచును. నిజమునకు దాని ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. స్కేలుతో ఆ కొలతను తన అరచేతిపై చూచుకొన్న బాలిక దానిని మరువదు. తెరపై కనబడునదంతయు సత్యము కాదనియు బాలలకు నేర్పవలెను. ఈ వస్తువు ఎక్కడ దొరికినది? ఎవరు కనుగొనిరి? ఇప్పుడెక్కడ ఉన్నది? ఈ మూడింటికి సమాధానమీయని పుటను నమ్మరాదు.

ఇందు పంచాయతీ చేయదగిన పని యేమి? అనేక గృహములలో ఉన్నది ఒక్కటే ఫోను. అది తండ్రి వెంట పొలమునకు పోవును. కావున పాఠశాలలోనో, గ్రంథాలయములోనో, పంచాయతీ కార్యాలయములోనో వారమునకొక గంట తెరను, ఇంటర్నెట్టును సమకూర్చి, పాఠము నిర్ణయించు భారమును ప్రధానోపాధ్యాయునకు వదలుడని మేము కోరుచున్నాము. ఏడాదికొకసారి బాలలను కరీంనగరు పురావస్తు మ్యూజియమునకు తీసికొనిపోయినచో, తెరపై చూచిన విద్య కన్నులయెదుట నిలుచును.

మరియొక మాట. దున్నునపుడు పాత నాణెములు దొరకుట మన ప్రాంతమున వింత కాదు. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. ఈ సంగతిని గ్రామసభలో చాటింపుడు. కొలిమిలో ఒక నాణెము కరగినచో, దానితో ఒక రాజు పేరే కరగిపోవచ్చును. దానిని ఏ అంతర్జాలమును తిరిగి తేజాలదు.