ధనాగారపు కావలి

పది రూపాయల నోటును పరికించినచో దానిపై రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకము కానవచ్చును. ఆ సంతకము కేవలము అలంకారము కాదు. ఆ కాగితమునకు విలువ కలదను వాగ్దానము. ప్రభుత్వమునకును, ఇతర బ్యాంకులకును తాను బ్యాంకుగా నుండి, ద్రవ్యపు విలువను కాపాడు సంస్థను కేంద్ర బ్యాంకు అందురు. లండను నగరమున 1694లో వెలసిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఇట్టి వానిలో ప్రసిద్ధమైనది. మన రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడెను. దాని గవర్నరు పదవి నలంకరించిన తెలుగువారిలో శ్రీ యాగా వేణుగోపాల రెడ్డిగారు ఒకరు.

రెడ్డిగారు 1941 ఆగస్టు 17వ తేదీన నాటి కడప జిల్లాలోని పాటూరు గ్రామమున జన్మించిరి. మద్రాసులో అర్థశాస్త్రము నభ్యసించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. 1964లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమున ప్రవేశించిరి.

1991లో దేశమునకు గొప్ప ఆపద వాటిల్లెను. విదేశముల నుండి నూనె మొదలగు సరకులు కొనుటకు కావలసిన డాలర్లు కొన్ని వారములకైనను చాలని స్థితి యేర్పడెను. అప్పుడు మన ప్రభుత్వము సుమారు 47 టన్నుల బంగారమును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాను అను సంస్థలకు కుదువపెట్టి, నలువది కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చెను. ఆర్థిక శాఖలో ఆ వ్యవహారమును నడపిన అధికారులలో రెడ్డిగారును ఉండిరి. ఇంటి నగలు తాకట్టుకు పోవు బాధ ఎట్టిదో తెలుగు గృహస్థులకు చెప్పనక్కరలేదు.

2003 సెప్టెంబరు 6న ఆయన గవర్నరైరి. అవి దేశము వర్ధిల్లుచున్న దినములు. హైదరాబాదులోని జూబిలీ హిల్సు వంటి చోట్ల స్థలముల ధరలు ఏటేట పెరుగుచుండెను. అప్పులు సులభముగా దొరకుచుండెను. కాని రెడ్డిగారు పగ్గములు బిగించిరి. ప్రజలు దాచిన ప్రతి నూరు రూపాయలలో బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్ద ఉంచవలసిన భాగము 2004లో నాలుగున్నర రూపాయలుండగా, 2008 ఆగస్టు చివరకు తొమ్మిది రూపాయలయ్యెను. వ్యాపార భవనములకిచ్చు అప్పులకు బ్యాంకులు ఎక్కువ మూలధనము చూపవలెనని శాసించిరి. ఈ జాగ్రత్త అభివృద్ధికి అడ్డని పలువురు విమర్శించిరి. ఆర్థిక శాఖతోను అభిప్రాయభేదములు వచ్చెను. అయినను ఆయన చలింపలేదు.

2008 సెప్టెంబరు 5న ఆయన పదవీకాలము ముగిసెను. సరిగా పది దినములకు అమెరికాలో 1850 నాటి లేమన్ బ్రదర్స్ సంస్థ కూలెను. ప్రపంచమంతట బ్యాంకులు గడగడలాడెను. వానకాలమున చెరువు నింపుకొన్న ఊరు ఎండకాలమున తూము ఎత్తినట్లు, తరువాతి గవర్నరు, ఏలూరున జన్మించిన శ్రీ దువ్వూరి సుబ్బారావుగారు, ఆ నిలువను తొమ్మిది నుండి 2009 జనవరి నాటికి ఐదు రూపాయలకు తగ్గించి, బ్యాంకులకు ధనము నందించిరి. ఆ యేడే నవంబరులో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి 200 టన్నుల బంగారమును కొనెను. పదునెనిమిదేండ్ల క్రిందట బంగారమును కుదువపెట్టిన దేశమిదియే!

రెడ్డిగారికి 2010లో పద్మవిభూషణ్ బిరుదము లభించెను. పిమ్మట పదునాలుగవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షులై, కేంద్రపు పన్నులలో రాష్ట్రముల వాటాను 32 నుండి 42 శాతమునకు పెంచవలెనని సిఫారసు చేసిరి.

కావలివాని మేలు దొంగ పడిన రాత్రి కంటె దొంగ పడని రాత్రులందే అధికము. కాని అట్టి రాత్రులను లెక్కించువారరుదు.