సముద్రం మీదికి కుటుంబాలను తీసుకువెళ్లే ముందు

కోతలు ముగిసి, ధాన్యం ఇంటికి చేరి, క్రిస్మస్, నూతన సంవత్సర కూడికలు గడిచిన తరువాత మన గ్రామాలలో కాస్త తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో యౌవనస్థులు వచ్చి అడిగే మాట ఒకటి ఉంటుంది. "అయ్యగారూ, ఈసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామండి." వెనుకటి రోజుల్లో లారీ మాట్లాడుకొని సముద్రపు ఒడ్డుకు వెళ్లి, పులిహోర తిని, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. ఇప్పుడు ప్రతి ఇంటిలో ఫోను ఉంది, ఫోనులో ప్రతి వారూ పడవ షికారు చూశారు. అందుచేత ఒడ్డున కూర్చుంటే సరిపోదు, సొంతంగా ఒక బోటు మాట్లాడుకోవాలి. మన జిల్లాల వారు ఎక్కువగా చెప్పే పేర్లు రెండు: కోరింగ మడ అడవులు, కాకినాడ ఎదుటనున్న హోప్ ఐలాండు.

ఈ కోరికలో తప్పు ఏమీ లేదు. మెట్ట గ్రామాలలోని పిల్లల్లో సముద్రం చూడనివారు నేటికీ ఉన్నారు. అయితే బస్సు మాట్లాడటం వేరు, బోటు మాట్లాడటం వేరు. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చుంటాం. నీటి మీద చెట్టు ఉండదు. కనుక బయలుదేరాలనుకునే కుటుంబాల కోసం, సంఘ పెద్దల కోసం, మేము తెలిసికొన్న విషయాలను వ్రాస్తున్నాము.

మొదట ఆ స్థలం గురించి చెప్పాలి. గోదావరి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు పేరుకొని, గడచిన రెండు వందల సంవత్సరాలలో కాకినాడ ఎదుట సముద్రంలోకి సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక తిన్నె పెరిగింది. అదే హోప్ ఐలాండు. పెద్ద అలలు ఈ తిన్నెకే తగిలి విరిగిపోతాయి. అందుకనే లోపలనున్న కాకినాడ అఖాతం మిగిలిన మన తీరంకంటె నెమ్మదిగా ఉంటుంది, ఓడలకు ఆశ్రయమవుతుంది. దక్షిణాన కోరింగ వైపు ఉప్పుటేర్లు పాయలు పాయలుగా మడ అడవుల్లోకి వెళ్తాయి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెల్ల మడ, ఉప్పు పొన్న, కళింగ చెట్లు ఉప్పు నీటిలోనే నిలబడి ఉంటాయి. బురదలోనుండి మేకుల్లా పైకి లేచిన వేళ్లతో గాలి పీల్చుకుంటాయి. రొయ్యకూ చేపపిల్లకూ ఈ వేళ్ల సందులే ఉయ్యాల. తిల్ల చెట్టును మాత్రం పిల్లలు తాకకుండా చూడండి, దాని పాలు కంట పడితే చూపుకే ముప్పు. ఓర్పు ఉన్నవారికి నీటికుక్కలు కనబడతాయి. బావురుపిల్లి ఉంది గాని అది రాత్రి సంచారి, పగటి పడవలకు దొరకడం అరుదు.

కోరింగ ఒకనాడు పెద్ద రేవు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్లిన మనవారిని అక్కడివారు ఊరి పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచారు. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి తుపానుతోపాటు వచ్చిన ఉప్పెన ఆ రేవును ముంచివేసింది. మన తరంలోనే 1996 నవంబరు 6న వచ్చిన తుపాను భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలను ఎలా తుడిచిపెట్టిందో ఆ ప్రాంతపు పెద్దలకు నేటికీ జ్ఞాపకమే. ఆ తుపానుకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. భయపెట్టడానికి ఇది వ్రాయడం లేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి భాగం ఈ తీరంలో తుపానుల కాలం. జూన్ నుండి వానలు, గోదావరి వరద. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది, వలస పక్షులు కూడా అప్పుడే ఉంటాయి. తీరిక దొరికే కాలమూ, సముద్రం నెమ్మదించే కాలమూ ఒకటే కావడం మన అదృష్టం. ఉదయపు పొగమంచు మాత్రం విడవనివ్వాలి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాము. ఎవరి బోటు?

తీర ప్రాంతపు సంఘాలలో వేటకు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. షికారు మాట వినబడగానే వారిలో ఒకరు ముందుకు వస్తారు. "మన బోటు ఉండగా బయటి బోటు ఎందుకండి అయ్యగారూ? డీజిలు డబ్బులిస్తే చాలండి." ఆ మాటలో ప్రేమ ఉంది. సముద్రం సంగతి ఆ సహోదరునికి తెలిసినంత మనకెవరికీ తెలియదు. అయినా ఆ బోటు వద్దనే మేము చెప్తాము. కాదనడం కష్టం, కొన్నాళ్లు ముఖం చాటేసినా చేయవచ్చు. అయినా వద్దు.

కారణం బోటు కట్టుబడిలోనే ఉంది. వేటబోటులో ఐసు, చేపలు, డీజిలు అడుగున గదుల్లో ఉంటాయి. బరువు కిందికి ఉంటుంది గనుక అల వచ్చినా బోటు నిలదొక్కుకుంటుంది. ఆ గదులు ఖాళీగా ఉంచి, నలభైమందిని పైన నిలబెడితే బరువంతా పైకి చేరుతుంది. కావడి మోసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పైగా ఆరుగురో ఎనిమిదిమందో కళాసీలు ఎక్కడ నిలబడాలో తెలిసి నిలబడతారు. మన పిల్లలు అటు డాల్ఫిన్ అంటే అటు, ఇటు కొంగ అంటే ఇటు పరుగెత్తుతారు. వేటకు రిజిస్టరు చేసిన బోటు మీద ప్రయాణికులను ఎక్కించడానికి అనుమతి ఉండదు, ఏదైనా జరిగితే ఆ కుటుంబమే కేసులో చిక్కుకుంటుంది. ప్రేమతో ఇచ్చిన బోటు వారి జీవనాధారాన్ని ముంచకూడదు. 2023 మే 7న, ఆదివారం సాయంత్రం, కేరళలోని తానూరులో ఒక విహారపు బోటు బోల్తాపడి 22 మంది చనిపోయారు, వారిలో పిల్లలు చాలామంది. వేటబోటునే మార్చి షికారు బోటుగా తిప్పారని, పరిమితికి మించి ఎక్కించారని, పొద్దుగూకాక నడిపారని తరువాత బయటపడింది.

ఆ సహోదరుని సేవను మరొక విధంగా వాడుకోవచ్చు. బోటు చూడటానికి వెళ్లేటప్పుడు ఆయనను వెంట తీసుకువెళ్లండి. మాటలు వినేవాడు మనం, ఇంజను చప్పుడు వినేవాడు ఆయన. అడుగున నీరు ఊరుతున్నదా, లంగరు, తాడు, తెడ్డు ఉన్నవా, ఇంజను ఆగితే మరొకటి ఉందా, సరంగుకు లైసెన్సు ఉందా అనేవి ఆయన కన్ను ఇట్టే పట్టేస్తుంది. అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పదు. కోరింగలో వారి ఆధ్వర్యంలో నడిచే బోట్లను ముందు విచారించి, తరువాత ప్రైవేటు వారిని అడగండి.

ఎంతమందికి అనుమతి ఉందో కాగితం మీద చూడండి, నోటి మాట చాలదు. చంటిపిల్లను కూడా ఒక మనిషిగా లెక్కించండి. "పిల్లలేగా, సర్దుకుంటారు" అనే మాట బస్సులో చెల్లుతుంది. 2009 సెప్టెంబరు 30న తేక్కడి జలాశయంలో రెండంతస్తుల బోటు తిరగబడి 45 మంది మరణించారు. గట్టున జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరగా బోటు ఒరిగిపోయింది. 2017 నవంబరు 12న మన కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం వద్ద మునిగిన బోటుకు అసలు అనుమతే లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద మునిగితే 26 మంది మాత్రమే బయటపడ్డారు. వారిని తమ చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చినది కచ్చులూరు గ్రామస్థులే. ఇవన్నీ సెలవు దినాన సంతోషంగా బయలుదేరిన కుటుంబాలే.

బయలుదేరకూడని రోజున ఎందుకు బయలుదేరుతారు? మేము ఆలోచించగా దీనికి ధైర్యంకంటె డబ్బే ఎక్కువ కారణమని తోస్తున్నది. అడ్వాన్సు ఇచ్చేశాము, బస్సు మాట్లాడేశాము, నలభైమందికి భోజనం వండించేశాము, బంధువులు హైదరాబాదునుండి వచ్చేశారు. ఇక గాలి కాస్త ఎక్కువగా ఉన్నా "ఏమీ కాదులే" అనిపిస్తుంది. అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ సంగతి మనందరికీ తెలిసినదే. చలికాలం గడపడానికి ఆ రేవు అనుకూలం కాదని ఎక్కువమంది అన్నారు, శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమాని మాటను నమ్మాడు, 276 మంది ఓడబద్దలు కావడం చూశారు. అక్కడ కూడా నిర్ణయం తప్పినది తుపానులో కాదు, రేవులో.

కనుక అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఒక మాట వ్రాయించుకోండి: రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగిరినా, అటవీశాఖ గాని పోర్టు వారు గాని వద్దన్నా, డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా మరొక రోజు తీసుకువెళ్లాలి. దీనికి ఒప్పుకోని వారి బోటు మనకు వద్దు. రెండవది, ఆ రోజుకు మరొక ఏర్పాటు సిద్ధంగా ఉంచండి. కోరింగలో మడ చెట్ల మధ్యగా చెక్క వంతెన బాట ఉంది. పడవ ఎక్కకుండానే గంటసేపు ఆ నీడలో నడవవచ్చు, ముసలివారు కూడా నడవగలరు. తెచ్చిన భోజనం అక్కడ తిన్నా రుచి తగ్గదు. ఇది ముందే అందరికీ చెప్పి ఉంచితే, ఆ ఉదయం పెద్దలు "నేడు వద్దు" అనడానికి జంకరు. వాతావరణం కోసం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారుల కొరకు ఇచ్చే అలల ఎత్తు సమాచారాన్ని ఫోనులో చూడవచ్చు. ముందు రోజు రాత్రి ఒకసారి, బయలుదేరే ఉదయం మరొకసారి చూడండి.

పోటు, పాటు సంగతి మెట్టవారికి అంతగా తెలియదు. రోజుకు రెండుసార్లు నీరు లోపలికి వస్తుంది, రెండుసార్లు తీస్తుంది, ఆ వేళ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు వెనక్కు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి నాళ్లలో పోటు పాటుల తేడా ఎక్కువ. పోటు మీద ఉప్పుటేరులోకి సులువుగా వెళ్లిన బోటు, పాటు వేళకు బురదలో కూర్చుండిపోతుంది. మళ్లీ నీరు వచ్చేవరకు గంటల తరబడి దోమల మధ్య ఉండాలి. అందుచేత "ఎన్నింటికి బయలుదేరుదాం" అని మనం నిర్ణయించి సరంగుకు చెప్పడం కాదు, సరంగును అడిగి బస్సు వేళ నిర్ణయించాలి. మన కార్యక్రమాలు గంట ఆలస్యంగా మొదలవడం అలవాటే గాని, పోటు మన కొరకు ఆగదు. సాయంత్రం నాలుగు గంటలకల్లా ఒడ్డుకు చేరేలా చూసుకోవాలి.

లైఫ్ జాకెట్ల విషయంలో ఎక్కువ పేచీ వచ్చేది మన స్త్రీల దగ్గరనే. కొత్త చీర నలుగుతుందని, పదిమందిలో బాగుండదని, ఫోటో తీసేవరకు వేసుకొని తీసేస్తారు. పైట కొంగు ముందు నడుముకు దోపుకొని, దానిమీద జాకెట్ వేసుకొని పట్టీలన్నీ బిగిస్తే ఏ ఇబ్బందీ ఉండదు. ఈ మాట పాస్టరు చెప్పేకంటె స్త్రీల సమాజం పెద్దమ్మ చెప్పి, తానే మొదట వేసుకుంటే పని జరుగుతుంది. చూసినంతలో పెద్దవారి జాకెట్ పిల్లలకు తగిలించడం తరచు జరిగే పొరపాటు. నీటిలో పడితే ఆ పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్ పైకి తేలుతుంది. పిల్లల సైజులు ఎన్ని ఉన్నవో ముందే లెక్కపెట్టి, లేకుంటే తెప్పించమని అడగండి. పట్టీ బిగించాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి, చెవులదాకా లేచిందంటే వదులన్నమాట. ఒడ్డునే వేసుకోవాలి, ఒడ్డునే విప్పాలి. భోజన సమయంలో కూడా విప్పకూడదు. పై కప్పు మీదికి ఎవ్వరూ ఎక్కకూడదు.

మిగిలినవి చిన్న సంగతులే గాని అనుభవించేవారికి చిన్నవి కావు. తిన్నె మీద దుకాణం ఉండదు, మంచినీళ్లు మనమే మోసుకువెళ్లాలి, మనిషికి రెండు లీటర్లు. మరుగుదొడ్డి దొరకదు. ఇది మగవారు ప్రణాళిక వేసేటప్పుడు ఎవరికీ తట్టదు. స్త్రీలు రోజంతా నీళ్లు తాగకుండా ఉండి, సాయంత్రం తలనొప్పితో పడుకుంటారు. బోటు ఎక్కేముందు రేవులో సౌకర్యం ఉన్నచోట అరగంట ఆగండి, నీటి మీద ఉండే సమయాన్ని మూడు గంటలకు మించనివ్వకండి. ఉదయం ఇడ్లీ వంటి తేలిక పలహారం చాలు. ఖాళీ కడుపు, బిర్యానీ కడుపు రెండూ వాంతికి దారే. కడుపు తిప్పేవారు దూరాన కనబడే నీటి అంచును చూస్తూ, గాలి తగిలేచోట కూర్చోవాలి. మాత్ర వేసుకోదలచినవారు వైద్యుని అడిగి, ఎక్కేముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక దానివలన ఫలం తక్కువ. నిండు గర్భిణులు రాకుండుటే మంచిది.

జనవరి తరువాత ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటి వంద వరకు. కర్రలు పాతి గుర్తు పెట్టినచోట పిల్లలను ఆడనివ్వకండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు బదులు విస్తరాకులు తీసుకువెళ్లి, అవి కూడా గోనెసంచిలో తిరిగి తెచ్చుకోవాలి.

చివరిగా ఒక కాగితం. బోటు ఎక్కినవారి పేర్లు, వయస్సులు, ఫోను నంబర్లు, బోటు నంబరు, సరంగు ఫోను, తిరిగి రావలసిన వేళ అందులో వ్రాసి రెండు ప్రతులు తీయండి. ఎక్కేటప్పుడు, తిన్నె మీదినుండి బయలుదేరేటప్పుడు, దిగాక పేరు పేరునా పిలిచి చూడండి. ఒక ప్రతి బోటులో, మరొకటి ఒడ్డున ఉండేవారి దగ్గర. ప్రతి గుంపులోనూ నీరంటే భయపడే పెద్దవారు ఒకరు ఉంటారు, వారిని ఎగతాళి చేసి బలవంతంగా ఎక్కించకండి, ఈ పనికి వారే తగినవారు. చెప్పిన వేళకు అరగంట దాటినా బోటు కనబడకపోతే, ఫోను అందకపోతే, రేవులోని పోలీసులకు చెప్పి, కోస్ట్ గార్డు వారి 1554 నంబరుకు ఫోను చేయాలని వారికి నేర్పించండి. ఆ కాగితం పట్టుకొని ఒడ్డున కూర్చునేవారి భోజనం పొట్లం విడిగా కట్టించి, బోటు కదలకముందే వారి చేతికి ఇవ్వండి.