రక్తము నిజముగా పలుచనగునా?

ఓరుగల్లు కోట శిథిలముల నడుమ ఆడుకొను బాలుని మోకాలు రాతికి గీరుకొనును. నెత్తురు కారును, కొన్ని నిమిషములలో దానంతటదియే ఆగిపోవును. ఆ గాయమునకు మొదట అడ్డుకట్ట వేయునవి రక్తములోని ఫలకికలు. వీనినే ప్లేట్‌లెట్లు అందురు. ఇటలీ శాస్త్రజ్ఞుడు బిజ్జొజెరో 1882లో వీని పనిని వివరించెను. ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి 1,50,000 మొదలు 4,50,000 వరకు ఉండును. ఒక్కొక్కదాని ఆయువు 7 మొదలు 10 దినములు మాత్రమే.

మనుమని మోకాలికి మేలుచేసిన ఈ కణమే తాతగారి గుండెనాళములో గడ్డకట్టి ప్రాణాపాయము తేగలదు. అందులకే గుండెపోటు వచ్చినవారికి వైద్యులు దినమున కొక చిన్న ఆస్పిరిన్ బిళ్ళ నిత్తురు. జనులు దీనిని రక్తమును పలుచన చేయు మందందురు. కాని రక్తము నీటివలె పలుచన కాదు. గాయము తగిలినప్పుడు ఫలకిక థ్రాంబాక్సేన్ అను రసాయనమును వెలువరించి తోడివానిని పిలుచును. ఆ రసాయనమును తయారుచేయు ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతముగా స్తంభింపజేయును. ఫలకికకు కేంద్రకము లేదు. క్రొత్త ఎంజైమును చేసికొనజాలదు. కనుక బ్రతికినన్నాళ్ళు అది మూగయై యుండును. మందు కొన్ని గంటలలో రక్తమునుండి తొలగినను, దాని ఫలము వారము పది దినములు నిలుచును. ఆస్పిరిన్ పనిచేయు తీరును 1971లో వెల్లడించిన జాన్ వేన్ 1982లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో కలిసి పొందెను.

వార్ఫరిన్, హెపారిన్‌ల దారి వేరు. అవి ప్రధానముగా రక్తమును గడ్డకట్టించు ప్రోటీనుల పనికి అడ్డుపడును.

వానకాలమున వరంగల్లు ప్రాంతమున డెంగీ జ్వరము వచ్చునప్పుడు ఈ భేదము తెలియుట అవసరము. డెంగీలో ఫలకికల సంఖ్య తగ్గిపోవచ్చును. మిగిలినవానిని ఆస్పిరిన్ మూగవానిగా చేసినచో రక్తస్రావ భయము హెచ్చును. కావుననే ఆ జ్వరమునకు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వాడరాదని, పారాసెటమాల్ వాడవలెనని వైద్యులు చెప్పుదురు. అట్లని గుండెజబ్బు గల తాతగారు తనంత తాను బిళ్ళ మానరాదు. మానినచో నాళములో గడ్డ ఏర్పడవచ్చును. 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వంటి చోట ఫలకికల లెక్క చూచి, మానుటయో కొనసాగించుటయో వైద్యులే నిర్ణయింపవలెను.

తాతగారు దినము మింగు బిళ్ళ పేరేమో మనుమడు నేర్చుకొని వైద్యునితో చెప్పగలిగినచో, వాని చదువు ఇంటికి అక్కరకు వచ్చినట్లే.