చలి ఉంటేనే సంతానం

నవంబరు వచ్చిందంటే జర్మనీలో, ఇంగ్లండులో తాబేళ్లు పెంచేవాళ్లు చాలామంది వాటిని ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. ఇంట్లో కూరలు దాచుకునే ఫ్రిజ్ కాదు, అందుకోసమే వేరుగా కొన్నది. డబ్బాలో మట్టి, ఎండుటాకులు నింపి, అందులో తాబేలును ఉంచి, లోపల 4 నుంచి 6 డిగ్రీల చలి నిలకడగా ఉండేలా చూస్తారు. గాలి మారడానికి మధ్యమధ్య తలుపు తీస్తారు. అప్పుడప్పుడు తూకం వేసి, బరువు మరీ తగ్గిపోతుంటే ముందే లేపేస్తారు. లేదంటే వసంతం దాకా అది తినదు, కదలదు. ఉక్కపోతకు అలవాటుపడ్డ మనకు ఇది శిక్షలా కనిపిస్తుంది. నిజానికి ఆ జంతువుకు చలికాలం లేకుండా చేయడమే శిక్ష. యూరప్ సరీసృపాలను, ఉభయచరాలను ఆరుబయట ఆవరణల్లో పెంచి పిల్లలు చేయించే విద్యలో కిటుకంతా ఇక్కడే ఉంది. మేత, నీరు తర్వాతి సంగతి. ముందు దాని ఋతువులు దానికి దక్కాలి.

వీటి ఒంటికి సొంత వేడి ఉండదు. ఎండకు వెచ్చబడతాయి, నీడకు చల్లబడతాయి. అందుకే ఏడాదిలో కొన్ని నెలలు తిని, జతకట్టి, గుడ్లు పెట్టి, మిగతా నెలలు నేలలో దాక్కుని నిద్రపోవడం వాటికి తరతరాల అలవాటు. జతకట్టే కోరిక కూడా ఈ లెక్క ప్రకారమే పుడుతుంది. ఇంగ్లండు నుంచి మధ్య ఆసియా దాకా కనిపించే శాండ్ లిజార్డ్ అనే బల్లినే చూడండి. నిద్ర లేచి, కుబుసం విడిచిన మగబల్లికి ఏప్రిల్, మే నెలల్లో పక్కలు రెండూ పచ్చగా మెరుస్తాయి. ఆ రంగుతోనే అది పోటీ మగవాటిని బెదిరిస్తుంది, ఆడవాటిని పిలుస్తుంది. ఇలాంటి జీవిని గదిలో గాజుపెట్టెలో పెట్టి, ఏడాది పొడవునా దీపం కింద వెచ్చగా ఉంచితే దాని ఒంట్లోని క్యాలెండరు చెదిరిపోతుంది. దీనికి తోడు ఇంకో నష్టం. ఎండలో విటమిన్-డి తయారీకి పనికొచ్చే అతినీలలోహిత కిరణాలను మామూలు గాజు దాదాపుగా అడ్డుకుంటుంది. కిటికీ పక్కన ఎండలో పెట్టామనుకుంటాం, తాబేలుకు వెచ్చదనం అందుతుంది, ఎముకలకు కావలసింది మాత్రం అందదు. ప్రత్యేక దీపాలతో ఆ లోటు పూడ్చవచ్చు, కానీ బయట ఊరికే దొరికేదాన్ని లోపల కరెంటు బిల్లు కట్టి కొనుక్కోవడమే అది.

ఆరుబయట అంటే పెరట్లో వదిలేయడం అని కాదు. శాండ్ లిజార్డ్ ఆవరణ ఒకదాన్ని దగ్గర్నుంచి చూస్తే అందులో ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. గోడ నున్నని రేకుతో కడతారు. బల్లులు మూలల్లో కాళ్లు తన్నిపెట్టి ఎక్కేస్తాయి కనుక పై అంచును లోపలికి వంచుతారు. అదే రేకును నేలలోకి కూడా దింపుతారు, ఎలుకలు తవ్వుకుని రాకుండా. నిద్రలో ఉన్న జంతువును ఎలుక కొరుక్కు తినేస్తుంది, అది మెలకువ తెచ్చుకుని పారిపోయే స్థితిలో ఉండదు. పిల్లులు, కాకుల కోసం పైన వల. లోపల దక్షిణం వైపు వాలుగా మట్టిదిబ్బ ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఎండ అటే పడుతుంది కదా. దిబ్బ అడుగున రాళ్లు, దుంగలు పేర్చి, నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి సందులు వదులుతారు. ఇక్కడ చలి కన్నా నీటితోనే భయం ఎక్కువ, తడి నిలిచిందంటే నిద్రలోనే చనిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పక్క గడ్డి మొలవని వట్టి ఇసుక. ఆడబల్లి అక్కడ ఒకటికి రెండుచోట్ల తవ్వి చూసుకుని, వేడి, తడి తనకు నచ్చినచోటే గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లల్ని వెంటనే వేరు చేయాలి, లేకపోతే పెద్దవే తినేస్తాయి. తోక ఉన్న ఉభయచరాలైన న్యూట్ల ఆవరణకు ఇంత హంగు అక్కర్లేదు. నీడ, చేపల్లేని చిన్న కుంట చాలు.

ఫలితం మాటేమిటి? దక్షిణ ఇంగ్లండులోని మార్వెల్ జూ 1989 నుంచి శాండ్ లిజార్డులను పెంచి పిల్లల్ని ప్రకృతిలోకి వదులుతోంది. పొదల మైదానాలు, ఇసుకదిబ్బలు మాయమైన చోటల్లా ఈ బల్లి మాయమైంది. వేల్స్‌లో పూర్తిగా అంతరించిపోయింది. పెంపకంలో పుట్టిన పిల్లల్ని వదలడం వల్లే అక్కడ మళ్లీ కనిపిస్తోంది.

ఈ ఆరుబయట పెంపకానికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: ఆరుబయటే మేలైతే బ్రిటన్ తోటల్లో అన్ని తాబేళ్లు ఎందుకు చచ్చిపోయాయి? మొరాకో వంటి దేశాల నుంచి దశాబ్దాలపాటు ఓడల్లో తాబేళ్లను తెచ్చి అక్కడ అమ్మారు. వాటిలో చాలావాటికి రెండో వేసవి దక్కలేదు. 1984లో యూరప్ ఆ వ్యాపారాన్ని నిలిపేసింది. ప్రశ్న న్యాయమైనదే గానీ, ఆ తాబేళ్లకు దొరికిన ఋతువులు వాటివి కావు. మధ్యధరా తీరపు తాబేలుకు పొడి ఎండల వేసవి కావాలి, దొరికింది ముసురు. అందుకే ఉత్తర దేశాల్లో అనుభవజ్ఞులు హెర్మన్ అనే మధ్యధరా జాతి తాబేళ్ల ఆవరణలో పారదర్శకమైన పలకలతో చిన్న వెచ్చటి గూడు కడతారు. మబ్బు రోజున తాబేలు అందులోకి దూరుతుంది, ఎండ వస్తే బయటికి వస్తుంది. గుడ్లను మాత్రం తవ్వి తీసి ఇంక్యుబేటరులో పెట్టక తప్పదు. ఈ జాతిలో గుడ్డు సుమారు 31.5 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు, వెచ్చగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు పుడతాయి. జర్మనీ నేల అన్నాళ్లపాటు అంత వేడి ఇవ్వలేదు. కాబట్టి యూరప్ జాతి అన్నంత మాత్రాన యూరప్‌లో ఎక్కడైనా బయట బతుకుతుందనుకోవడం పొరపాటు.

రెండో అభ్యంతరం రోగం గురించి, ఇది ఇంకా బరువైనది. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలోని మిడ్‌వైఫ్ కప్పను 1977లో శిలాజాల ద్వారా గుర్తించి అంతరించిపోయిందనుకున్నారు. ఆ తర్వాత కొండవాగుల్లో అది బతికే ఉందని తేలింది. జెర్సీ దీవిలోని ఒక కేంద్రంలో పెంచి, 1989 నుంచి తిరిగి మయోర్కాకు పంపారు. అయితే ఆ పెంపకపు కప్పలతోపాటు కైట్రిడ్ అనే చర్మపు ఫంగస్ కూడా దీవికి చేరిందని 2008లో పరిశోధకులు బయటపెట్టారు. అదే కేంద్రంలో ఉంచిన దక్షిణాఫ్రికా కప్పల నుంచి అది అంటుకుని ఉండాలని వాళ్ల నిర్ధారణ. న్యూట్ల బంధువులైన సాలమాండర్లను చంపే మరో ఫంగస్‌ను 2013లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు. అప్పటికే అక్కడి ఫైర్ సాలమాండర్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆసియా నుంచి పెంపకం కోసం తెచ్చిన జంతువులతోనే అది వచ్చిందని అనుమానం. పైగా ఆ ఫంగస్‌కు సాలమాండర్లకు హితమైన చల్లదనమే హితం, 25 డిగ్రీల వేడిలో పది రోజులు ఉంచితే చస్తుంది. అంటే చలిని నమ్ముకున్న ఈ పద్ధతికి ఇక్కడే బలహీనత ఉంది, ఒప్పుకోవాలి. కానీ రెండుచోట్లా తప్పు ఆవరణది కాదు, వేరే ఖండపు జంతువును పక్కన చేర్చడానిది. ఒక ఆవరణలో ఒకేచోటి జాతులు, కొత్తదానికి విడిగా పరీక్షాకాలం, ఆవరణ నీరు వాగులోకి పోకుండా కట్టడి. ఇవి లేని చోట ఉభయచరాలను పెంచకపోవడమే మంచిది. యూరోపియన్ యూనియన్ కూడా 2018లో సాలమాండర్ల వ్యాపారానికి క్వారంటైన్ తప్పనిసరి చేసింది. పెంచినవాటిని సొంతంగా తెచ్చి అడవిలో వదలడం మాత్రం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా అపకారమే.

అసలు బంధించడమే తప్పనేవారూ ఉన్నారు. వారితో పూర్తిగా వాదించలేం. అయితే మధ్యధరా తాబేళ్లు ఇప్పుడు యూరప్ ఇళ్లలోనే విరివిగా పుడుతున్నాయి, కొనాలనుకునేవాడికి అడవి నుంచి తెచ్చినదాని అవసరం లేదు. మిగిలిన చిక్కు, అడవిలో పట్టినదాన్ని ఇంట్లో పుట్టిందని అమ్మే మోసం. దానికి విరుగుడు కాగితాలే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో లండన్‌లోనో పిల్లల ముచ్చట కోసం హెర్మన్ తాబేలు కొనాలనుకునే తెలుగు కుటుంబాలు అమ్మేవారిని ముందు సర్టిఫికెట్ అడగండి. జర్మనీలో అయితే కొన్నాక అధికారుల దగ్గర నమోదు చేయించాలి కూడా. ఇది చదివి ఇక్కడ మన పెరట్లో నక్షత్ర తాబేలును పెంచుదామనుకుంటే మాత్రం కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులో ఉంది. ఇంట్లో ఉంచుకుంటే జైలు.