రోగి మంచము చెంత గురువు

వైద్యశాస్త్రమును క్షుణ్ణముగా ఎరిగినవారందఱును దానిని చక్కగా బోధింపగలవారు కారు. గ్రంథస్థమైన విషయమును వల్లించుటకు ప్రొఫెసరు అక్కఱలేదు. రోగి చెప్పిన నాలుగు మాటలనుండియు, దేహమున కనబడు చిహ్నములనుండియు రోగనిర్ణయమునకు బుద్ధి ఏ త్రోవను నడచునో, ఆ త్రోవను విద్యార్థికి చూపగలవాడే వైద్యాచార్యుడు.

ఈ మార్గమున అగ్రగణ్యుడు కెనడా దేశమున జన్మించిన విలియం ఆస్లర్. బాల్టిమోరు నగరమున 1889లో తెరువబడిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి ప్రధాన వైద్యుడై, 1893లో అచట వైద్యకళాశాల నెలకొన్న పిమ్మట, ఆయన విద్యార్థులను ఉపన్యాసశాలనుండి వార్డులలోనికి తోడ్కొనిపోయి, ఒక్కొక్కరికి కొందఱు రోగులను అప్పగించి, వ్యాధివృత్తాంతము వ్రాయుటయు, పరీక్షించుటయు వారి విధిగా చేసెను. 1892లో వెలువడిన తన వైద్యగ్రంథము దేశదేశముల ప్రఖ్యాతి గాంచినను, వార్డులలో విద్యార్థులకు బోధించినవాడన్న ఒక్కమాటయే తన సమాధిపై చాలునని ఆయన తలచెను.

మిట్రల్ కవాటము ఇఱుకైన రోగి గుండెలో దూరపు ఉఱుమువలె మంద్రమైన మర్మరధ్వని యుండును. సామాన్యబోధకుడు "వినబడుచున్నదా?" అని అడుగగా, వినబడనివారును తలయూపుదురు. సమర్థుడో, రోగిని ఎడమప్రక్కకు ఒత్తిగిలజేసి, స్టెతస్కోపు బెల్లును గుండెకొనపై సుతారముగా ఆనించి, ఊపిరి విడిచి నిలుపుమని రోగికి చెప్పి, "ముందు మొదటి చప్పుడొక్కటే విను" అనును. అది చెవికి చిక్కిన తరువాత రెండవదానిని, అటుపిమ్మట రెండవదానికిని మఱల వచ్చు మొదటిదానికిని నడుమగల విరామమున ఆ ధ్వనిని వెదకించును.

ప్రశ్నించుటయు ఒక విద్యయే. పదిమంది యెదుట విద్యార్థిని చిన్నబుచ్చు ప్రశ్న వాని నోరు మూయించును, "నీవేమనుకొనుచున్నావు? ఎందుచేత?" అను ప్రశ్న వాని తర్కమును బయటపెట్టును. 1992లో అమెరికా వైద్యాచార్యులు కొందఱు ఈ పద్ధతికి ఐదు మెట్లు కల్పించిరి: విద్యార్థిచేత నిర్ణయము చెప్పించుట, కారణమడుగుట, ఒక సామాన్యసూత్రమును బోధించుట, ఒప్పును మెచ్చుట, తప్పును దిద్దుట. రోగులు బారులుతీరిన ఓ.పి.లో సైతము ఇది కొద్ది నిమిషముల పని.

మనదేశమున ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక 2019నుండి నీతికిని, సంభాషణకును ప్రత్యేకస్థానమొసగినది. అయినను రోగి అనుమతి యడిగి, తెఱ లాగి, పిమ్మటనే చేయివేయు గురువును చూచిన విద్యార్థికి ఆ పాఠము వేఱుగా చెప్పనక్కఱలేదు. అర్ధరాత్రి డ్యూటీలో గురువు చెంతలేని వేళ, హౌస్ సర్జను రోగిని సరియైన ప్రశ్న అడిగి, తనకు తెలియనిచోట సంకోచింపక పెద్దలకు కబురంపెనేని, ఆ గురువు బోధన సఫలమైనట్లే.