పైకి కనబడని పెద్ద గాయం

మన నంబులపూలకుంట నుండి కదిరి పోయే దారిలో బైకు జారి పడినవారిని మనలో చాలామంది చూసే ఉంటారు. రక్తం కారితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోతాం. కారకపోతే "ఏమీ కాలేదులే" అని దుమ్ము దులుపుకుంటాం. కానీ చర్మం చిట్లకుండానే లోపల పెద్ద గాయం కావచ్చు. దీనినే వైద్యులు 'క్లోజ్డ్ డీగ్లోవింగ్' గాయం అంటారు. చేతి గ్లౌజు ఊడినట్లు చర్మం లోపలి కండ నుండి విడిపోతుంది కనుక ఆ పేరు వచ్చింది. 19వ శతాబ్దంలో దీనిని వివరించిన ఫ్రాన్సు వైద్యుడు మోరెల్ లవాలే పేరుతోనూ పిలుస్తారు.

లోపల ఏం జరుగుతుంది?

పొట్టేలు తోలు ఒలిచేటప్పుడు పిడికిలి దూరిస్తే తోలు కండ నుండి విడిపోవడం మనకు తెలిసిందే. మన శరీరంలోనూ చర్మం, దాని కింది కొవ్వు ఒక పొర. కండను కప్పిన గట్టి పొర మరొకటి. రోడ్డుపై ఈడ్చుకుపోయినా, బండి చక్రం కాలి మీదుగా పోయినా ఈ రెండూ విడిపోతాయి. మధ్యలోని సన్నని రక్తనాళాలు, శోషరస నాళాలు తెగి, రక్తం, శోషరసం, చితికిన కొవ్వు ఆ ఖాళీలో చేరతాయి. కొన్నాళ్ళకు చుట్టూ సంచిలాంటి పొర ఏర్పడితే ఆ నీరు దానంతటదే ఇంకిపోదు.

తుంటి పక్కన, తొడ పైభాగంలో ఇది ఎక్కువ. నడుము, పిరుదులు, మోకాలి దగ్గర కూడా రావచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు మోకాలి వద్ద ఈ గాయాలైనట్లు వైద్యులు గుర్తించారు. కాబట్టి కబడ్డీ ఆడే మనమూ తెలుసుకోవాలి.

గుర్తించడం ఎలా?

1. దెబ్బ తగిలిన కొన్ని గంటలకో, రోజులకో మెత్తని వాపు వస్తుంది. కొందరికి వారాల తరువాత కనబడుతుంది.
2. నొక్కితే నీటి తిత్తిలా కదులుతుంది.
3. అక్కడి చర్మం మామూలు కంటే ఎక్కువగా అటూ ఇటూ జరుగుతుంది.
4. తాకితే స్పర్శ తగ్గి, మొద్దుబారినట్లుంటుంది.
5. చర్మం కమిలి ఉండవచ్చు.

మామూలు వాపు అనుకొని దీనిని వదిలేసే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగినవారిలో విరుగుడు మీదే దృష్టి పోయి ఇది మరుగున పడవచ్చు. అల్ట్రాసౌండ్ స్కానింగులో లోపలి నీరు తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ.లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

చికిత్స

చిన్న వాపయితే ఒత్తిడి కట్టు, విశ్రాంతి సరిపోవచ్చు. పెద్దదయితే సూదితో నీరు తీస్తారు. 50 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ వస్తే మళ్ళీ నిండే అవకాశం ఎక్కువని అనుభవంలో తేలింది. అలాంటప్పుడు చిన్న గాటు పెట్టి, లోపల కడిగి, గొట్టం అమర్చి కట్టు కడతారు. పాతబడి సంచి కట్టినదానికి పొరలు అతుక్కునే మందు ఎక్కించడమో, సంచిని కోసి తీయడమో చేస్తారు. చర్మానికి రక్తం అందక నల్లబడితే ఆ భాగాన్ని తొలగించి, వేరేచోటి చర్మం అతకవలసి రావచ్చు.

మనం చేయకూడనివి

వాపును రుద్దరాదు, నూనెతో మర్దన చేయరాదు, వేడి కాపడం పెట్టరాదు. బ్లేడుతోనో సూదితోనో పొడిచి నీరు తీయడం మరీ ప్రమాదం, చీము పట్టవచ్చు. ఎముక విరిగితే నాటుకట్టు కట్టించడం మన సీమలో అలవాటు. కానీ ఇది కట్టుతో వదిలేసే గాయం కాదు.

దెబ్బ పెద్దదయితే కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి. జ్వరం వచ్చినా, చర్మం నల్లబడినా ఆలస్యం చేయరాదు. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎప్పుడు తగిలిందో డాక్టరుకు తప్పక చెప్పాలి. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు ఇంట్లో పెద్దలకు చెబితే, ఒకరి కాలినైనా కాపాడినవారమవుతాం.